ఎండలో డ్రమ్ము, నీడలో మైకు

పెద్ద డ్రమ్ము చప్పుడును టేపు మీదికి ఎక్కించడం ఎంత కష్టమో తెలియాలంటే, ఒక పెద్దమనిషి చెవిలో వేలు పెట్టుకుని కొబ్బరినార చాప మీద బోర్లా పడి, ఆ డ్రమ్ము చుట్టూ పాకడం చూడాలి. నేను చూశాను. ఎనభైల మొదట్లో, బెంగళూరు చిక్‌పేటలో, కింద దర్జీ అంగడి, పైన స్టూడియో ఉన్న ఒక పాత మేడలో. అప్పుడు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగిపోయాను. ఇప్పుడు ఆయన్ని తలచుకుంటే రెండు చేతులూ వాటంతటవే దగ్గరికి వస్తాయి.

ముందు ఆ డ్రమ్ము సంగతి చెప్పాలి. అది మా అక్కది. అంటే చర్చిది, కానీ అక్క తప్ప ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళు కారు. అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. నాన్న అక్కడే స్టోర్సులో గుమాస్తా, ఆదివారాల్లో మా తెలుగు సంఘానికి పెద్ద. ఆసుపత్రి క్వార్టర్సులోనే మా ఇల్లు. అమ్మ ఎవరి పక్షమూ కాదు. ఇద్దరికీ అన్నం వడ్డించేది తనే కనుక మధ్యన ఉండటమే క్షేమం అనేది. నేను పగలు టైపు నేర్చుకుంటూ, సాయంత్రాలు క్వయిర్‌లో పాడుతూ, మిగిలిన పొద్దంతా అక్కను వెనకేసుకొస్తూ ఉండేదాన్ని.

ఒక బడి బ్యాండువాళ్ళు కొత్తది కొనుక్కుని పాతది మా చర్చికి ఇచ్చారు. కవాతులో మెడకు తగిలించుకుని కొట్టే రకం, రెండువైపులా దూడతోలు. అక్క దాన్ని నేల మీద నిలబెట్టి, శివాజీనగర్ గుజరీ అంగడిలో పాత ఇనుప సామాన్ల మధ్య దొరికిన పెడల్ ఒకటి బిగించింది. తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి మోకాళ్ళ సందున దోపుకుని, చెప్పులు విడిచి, ఒట్టి పాదంతో పెడల్ తొక్కేది. పెడల్ చివరి ఉన్ని గుండు తోలుకు తగిలితే చర్చి వెనక బెంచీల్లో కునుకు తీసేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. బుధవారాల్లో ఆసుపత్రి వ్యానెక్కి సర్జాపుర దాకా పోయి పిల్లలకు సూదులు వేసి వచ్చేది. దుమ్ము కొట్టుకున్న ఆ కాళ్ళతోనే ప్రాక్టీసుకు కూర్చునేది. అలసిపోవడం ఆమెకు చేతకాని పనుల్లో ఒకటి.

నాన్నకు ఆ డ్రమ్ము గిట్టలేదు. పాటలో మాటలు వినబడకుండా చేస్తోందని ఆయన ఫిర్యాదు. అది నిజమే అయినా, అసలు సంగతి అది కాదని మాకు తెలుసు. మా తాత ఊళ్ళో డప్పు కొట్టేవాడు. చావు కబురైనా జాతరైనా ఆయన చేతి మీదుగానే ఊరికి తెలిసేది. అంత పని చేసిన మనిషిని ఊరు నిలబెట్టింది మాత్రం గుమ్మం బయటే. నాన్న మిషన్ బోర్డింగు బడిలో చదువుకుని అందులోంచి బయటపడ్డాడు. డప్పును వెనక్కి తిరిగి చూడలేదు, దాని పేరు కూడా ఇంట్లో ఎత్తేవాడు కాదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, వాచీ కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి నడిచే ఆ మనిషికి, ఇన్నేళ్ళ తర్వాత కన్నకూతురి కాలికింద అదే మోత వినబడటం ఎలా ఉండేదో నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పట్లో కోపం మాత్రమే వచ్చేది.

అక్కకు తోలు గురించి తెలిసింది నాయనమ్మ దగ్గర. చల్లబడిన తోలు పలకదు, వెచ్చబడితే బిగుసుకుని మోగుతుంది. తాత గడ్డిమంట వేసి డప్పు కాచుకునేవాడట. అక్క మంట జోలికి పోలేదు. మంట పెడితే నాన్నకు తెలిసిపోతుందని భయం. ఆదివారం పొద్దున్నే డ్రమ్మును క్వార్టర్సు వెనక ఎండలో నిలబెట్టేది. ఎందుకని నాన్న అడిగితే, చెమ్మ ఆరాలని చెప్పేది. ఆయన ఇంకేమీ అడిగేవాడు కాదు.

ఆ ఏడు క్రిస్మసుకు క్యాసెట్టు వేయాలని సంఘం తీర్మానించింది. నాన్న అక్కను పిలిచి ఒక్క మాట చెప్పాడు.

"క్యాసెట్టులో ప్రతి మాటా నాకు వినబడాలమ్మాయ్. వినబడితే డ్రమ్ము చర్చిలో ఉంటుంది. లేదంటే బడివాళ్ళకు తిరిగి ఇచ్చేద్దాం."

అక్క సరేనంది. ఆమె సరే అన్న తీరు చూసి నాకే భయమేసింది. ఎందుకంటే అప్పటిదాకా మేము విన్న లోకల్ క్యాసెట్లన్నిట్లో డ్రమ్ము అంటే పక్కింట్లో బీరువా జరుపుతున్న చప్పుడే.

రికార్డింగు రోజు డ్రమ్ము ఆటోలో పట్టలేదు. జట్కా మాట్లాడుకున్నాం. అక్క దాన్ని ఎండవైపు తిప్పి పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా జనం చూస్తుంటే నేను తల వంచుకున్నాను, ఆమె మాత్రం పెళ్ళికొడుకును తీసుకెళ్తున్నట్టు దర్జాగా కూర్చుంది.

స్టూడియో ఆయన పాత బెంగళూరు తెలుగువాడు. కబ్బన్‌పేటలో మగ్గాలు ఉన్న ఇంట పుట్టాడు. అణకువ అనేది ఆయన దగ్గరికి రావడానికి జంకేది. హరికథలు రికార్డు చేశాడు, ఎన్నికల మైకు ప్రచారాలు చేశాడు, కాఫీపొడి ప్రకటనలు చేశాడు, మేము కూర్చునే లోపలే ఇవన్నీ చెప్పాడు. నిద్రలో కూడా మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణని, ఏ మగ్గం మీద పోగు తెగిందో పక్క గదిలోంచి చెప్పేవాణ్ణని అన్నాడు. ఉత్త గొప్పలనుకున్నాను. నర్సు కదా అని అక్కను సిస్టరమ్మా అని పిలిచాడు. నన్ను చూసి, పాపా, నువ్వు పాడొద్దు, నా పక్కన కూర్చో, మాట వినబడకపోతే చెప్పు అన్నాడు. ఎందుకంటే నాన్న షరతు అక్క ఆయనకు ముందే చెప్పింది. అలా నేను ఆ రోజుకు నాన్న చెవిని అయ్యాను.

మైకులు ఆయన దగ్గర మూడే. ఒకటి క్వయిర్‌కు, ఒకటి చిన్నది, ఒకటి గుప్పెడంత తలతో బరువుగా ఉండేది. ఆ బరువుదాన్ని పాత శాలువాలో చుట్టి బీరువాలో దాచేవాడు. దాన్ని తెచ్చి డ్రమ్ము ముందువైపు తోలుకు ఎదురుగా, సరిగ్గా నడుమకు గురిపెట్టాడు. అక్క ఒక్క దెబ్బ వేసింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటి ఆ చివర తగులుకుంది. క్వయిర్‌తో కలిపి ఒక వరస పట్టి, టేపు వెనక్కి తిప్పి వింటే మాటల మీద గుమ్మడికాయ పడ్డట్టు ఉంది. మైకును వెనక్కి, గది మధ్యకు జరిపాడు. గదంతా డ్రమ్ము నిండిపోయింది, క్వయిర్ ఎక్కడో ఊరవతల జిగణిలో పాడుతున్నట్టు వినబడింది. పెడల్ వైపు పెట్టాడు. ఉన్ని గుండు తగిలే టక్కుమనే చప్పుడు బాగా వచ్చింది, దాంతోపాటు పెడల్ కీచుమనడం కూడా వచ్చింది. నా సంచిలో కొబ్బరినూనె సీసా ఉంది, కానీ స్టూడియో ఏసీ చలికి గడ్డకట్టి ఉంది. చివరికి కింద దర్జీని అడిగి కుట్టుమిషను నూనె తెచ్చి పెడల్ నోరు మూయించాం.

అప్పుడు ఆయన నవ్వి, ఇప్పుడు చూడండి అని అసలు విద్య తీశాడు. ముందువైపు తోలు మరలు విప్పి ఊడదీశాడు. డ్రమ్మును చుట్టి తెచ్చిన ఆసుపత్రి ఎర్ర కంబళిని మడిచి లోపల కుక్కాడు. దాని మీద చిన్న దిండు వేసి, బరువు మైకును పడుకోబెట్టాడు, గుండు తగిలే చోటుకు సూటిగా కాకుండా కొంచెం పక్కకు. సినిమా పాటలకు ఇట్లే చేస్తారని చెప్పాడు. నిజంగానే అద్భుతం జరిగింది. క్వయిర్ పాడిన ప్రతి మాటా విడివిడిగా వినబడింది. కింద డ్రమ్ము బుద్ధిగా, దప్ దప్ మని నడిచింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నాన్న షరతు నెరవేరింది, డ్రమ్ము మనది, ఇక భోంచేద్దాం అనుకున్నాను.

అక్క ఆ టేపును చివరిదాకా విని, చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బాగుందండీ. కానీ పరుపు కొట్టినట్టుంది. దెబ్బ తర్వాత తోలు ఇంకా పలుకుతుంది కదా, అది ఎక్కడా లేదు. మాటలు వినబడాలన్నారు మా నాన్న, డ్రమ్ము వినబడకూడదని అనలేదు."

ఆయన ముఖం ముడుచుకుంది. ఇంత శుభ్రమైన చప్పుడు ఈ పేటలో ఇంకెవడూ తీయలేడని, కావాలంటే వేరే చోటికి పొమ్మని అనేసి, కాఫీ తాగడానికి దిగిపోయాడు. క్వయిర్‌వాళ్ళు అక్కను కళ్ళతోనే తిట్టారు. నేనూ తిట్టాను, నోటితోనే. చేతికొచ్చిన పంటను ఎందుకు తగలబెడతావన్నాను. అక్క కంబళి బయటికి లాగి, ముందు తోలును మళ్ళీ బిగించుకుంటూ కూర్చుంది. ఒక్కొక్క మర తిప్పడం, తోలు అంచున వేలితో తట్టడం, వినడం, ఇంకో మర తిప్పడం. ఆ పట్టుదల మీద నాకు అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు అదే తలుచుకుని గర్వపడుతున్నాను.

ఆయన కాఫీ తాగి మెట్లెక్కి వచ్చేసరికి అక్క ఒంటరిగా వాయిస్తోంది. గుమ్మంలో ఆగిపోయాడు. కాసేపు విన్నాడు. తర్వాత ఒక చెవిలో వేలు పెట్టుకుని చాప మీద పడుకున్నాడు. మైకుకు ఉండేది ఒక్క చెవే, రెండు చెవులతో వింటే మనల్ని మనం మోసం చేసుకుంటామని చెప్పాడు. తోలు నడుమ నుంచి అంచుకు, అంచు నుంచి పక్కకు, మళ్ళీ వెనక్కి తలను జరుపుకుంటూ పాకాడు. నేను గోడవైపు తిరిగింది అప్పుడే. ఒకచోట తల ఆపాడు. తోలుకు జానెడు దూరంలో, అంచుకు దగ్గరగా, నడుమను ఏటవాలుగా చూసే చోటు.

"సిస్టరమ్మా, ఈడ ఉండాదమ్మా నువ్వు చెప్పేది. నడుమ ఉత్త గాలి ఉండాది, అంచులో పలుకు ఉండాది."

ఆయన గొప్పలన్నీ నేను ఆ క్షణమే క్షమించేశాను. అరగంట ముందు అలిగి దిగిపోయిన మనిషి, తన విద్యను తానే పక్కన పెట్టి, నేల మీద పాకి మరీ ఆమె అన్నది వెతికిపెట్టాడు. ఎంతోమంది మేధావులను తర్వాత చూశాను, అలక మానుకుని నేల మీదికి దిగినవాళ్ళు తక్కువ.

తల ఉన్నచోట బరువు మైకు పెట్టాడు. ఎర్ర కంబళిని డ్రమ్ముకూ క్వయిర్‌కూ మధ్యన తెరలా కట్టాడు, క్వయిర్ మైకు వీపు డ్రమ్ముకు వచ్చేటట్టు తిప్పాడు. గుండు తగిలే టక్కు కూడా కావాలని పెడల్ వైపు చిన్న మైకు పెట్టాడు. రెండూ కలిపి వింటే డ్రమ్ము చిక్కిపోయి డబ్బా అయింది. మేమంతా నీరుకారిపోయాం. ఆయన మాత్రం నవ్వాడు. తలుపు ఇటువైపువాడికి ముందుకు వస్తే అటువైపువాడికి వెనక్కి పోతుంది కదా, తోలూ అంతే, ఒక మైకు అవునన్నది ఇంకోటి కాదంటోంది, రెండూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి అన్నాడు. చిన్న మైకు ప్లగ్గు విప్పి లోపలి రెండు తీగల్ని అటుదిటు చేసి మళ్ళీ బిగించాడు. డ్రమ్ము కడుపు నిండా భోంచేసినట్టు తిరిగి వచ్చింది. నేను ఇప్పటికీ అది ఎలా జరిగిందని ఎవరికైనా చెప్పాలంటే ఆ తలుపు సంగతే చెబుతాను.

మొదటి చరణం మహా ఇదిగా సాగింది. రెండో చరణంలో పలుకు జారిపోయింది. మూడోదానికి మళ్ళీ గుమ్మడికాయే. ఆయన మైకును అనుమానించాడు, తీగను అనుమానించాడు, టేపును అనుమానించాడు. అక్క వంగి తోలు మీద చెంప ఆనించి చూసింది. ఏసీ చలికి తోలు చల్లబడిపోయిందని, పొద్దున ఎండలో పెట్టిన వేడి అయిపోయిందని చెప్పింది. నేను అక్కను గిల్లాను, తోలు కాచే సంగతి బయటివాళ్ళకు ఎందుకని. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని ఆమెను చూశాడు.

"మా పేటలో తమటె, అదే డప్పు, కొట్టేవాళ్ళు కాగితాలు మంటేసి కాచుకుంటారు గదమ్మా. దినా చూస్తానే ఉండాను. ఈ డ్రమ్ముకూ అదే తోలని నాకు తట్టనే లేదు."

ఆయన గొంతులో వెటకారం లేదు, జాలి లేదు, కులం అడగబోతున్న తడబాటు లేదు. పని తెలిసినవాడు ఇంకో పని తెలిసినవాణ్ణి చూసినట్టు చూశాడు. అక్క భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఎప్పటినుంచో బిగించుకుని ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత పని నడిచిన తీరు చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. డ్రమ్మును మేడ మీదికి మోసుకుపోయి మధ్యాహ్నపు ఎండలో పెట్టడం, అక్క వేలితో తట్టి చాలనగానే కిందికి పరిగెత్తడం, మైకులు గుర్తుపెట్టిన చోటే నిలపడం, ఏసీ ఆపేసి తలుపులు మూయడం. ఆ వేడి ఉన్నంతసేపట్లో రెండు పాటలు. మళ్ళీ డ్రమ్ము పైకి, మేము చెమట తుడుచుకోవడం. నేను ఆయన యంత్రాల గదిలో అద్దం వెనక కూర్చుని మాటలు వింటున్నాను. ఎక్కడైనా మెత్తని అక్షరం మునిగిపోతే చెయ్యి ఎత్తేదాన్ని. ఆయన లోపలికి పోయి మైకును వేలెడు జరిపేవాడు. అక్క కూడా జరిగింది, ఆమె కాలు జరిగింది. మాట ఉన్నచోట పాదం తేలిక చేసి, పాట ఊపిరి తీసుకునే సందుల్లో గట్టిగా దించేది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. మైకు మాటకు దారి ఇచ్చింది కొంత, అక్క ఇచ్చింది ఎక్కువ. పొద్దు వాలే లోపల అన్ని పాటలూ అయిపోయాయి. మేడ మీద ఆ మూల నుంచి ఈ మూలకు ఎండ వెంబడే డ్రమ్మును జరుపుకుంటూ వచ్చాం కనుక, ఎండ అయిపోవడమూ పాటలు అయిపోవడమూ ఒకేసారి జరిగాయి.

క్యాసెట్టు తయారయ్యాక డాక్టరుగారి టేపురికార్డరు అడిగి తెచ్చాం. నాన్న కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది, తలంటు పోసుకోబోతున్న పిల్లలాగ ముఖం పెట్టుకుని. ఒకవైపు అయిపోయింది, తిప్పి రెండోవైపు వేశాను. అదీ అయిపోయింది. మాటలన్నీ వినబడుతున్నాయి, డ్రమ్మును ఉండనీండి అన్నాడు నాన్న. అంతే. బాగుందనలేదు. అమ్మ మాత్రం ఆ పూట అక్కకు రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది. నేను టేపురికార్డరు సర్దబోతుంటే నాన్న ఆగమన్నాడు. మొదటి పాటను వెనక్కి తిప్పమన్నాడు. ఆ పాటకు ముందు క్వయిర్ ఎత్తుకోకముందే డ్రమ్ము ఒక్కటే నాలుగు దెబ్బలు పలుకుతుంది. ఆ నాలుగూ విని, ఇక తీసెయ్యమన్నాడు.

గెలిచామనుకున్నాం. కానీ క్రిస్మసు నాడు తెల్లవారేసరికి ఆకాశం గోనెసంచిలా ఉంది. మద్రాసు వైపు తుపానంట, మాకు ముసురు. చర్చి నిండా జనం, క్యాసెట్టు సంగతి విని వర్తూరు నుంచి కూడా వచ్చారు. డ్రమ్ము తోలు నానిన అట్టలా వేలాడుతోంది. అక్క వేలితో తట్టింది, తల అడ్డంగా ఊపింది. ఎండ లేదు. ఈ పూటకు డ్రమ్ము లేకుండా పాడండి అని క్వయిర్‌కు చెప్పి, కళ్ళనీళ్ళు కనబడకుండా వరండాలోకి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళేసరికి వరండా చివర, ప్రేమవిందుకు వంట చేస్తున్న రేకుల షెడ్డు దగ్గర పొగ వస్తోంది. నాన్న అక్కడ ఉన్నాడు. కోటు విప్పి గిన్నెల బల్ల మీద పెట్టాడు, వాచీ దాని మీద పెట్టాడు. అరటికాయలు చుట్టి వచ్చిన ఎండుగడ్డిని ముందేసుకుని, నేల మీద గొంతుకూర్చుని మంట వేస్తున్నాడు. చర్చికి ఇంకా వస్తున్న సంఘస్థులందరూ ఆ దారినే వస్తున్నారు. ఆయన తల ఎత్తి ఎవరినీ చూడలేదు.

డ్రమ్ము తీసుకురమ్మన్నాడు. అక్కా నేనూ తెచ్చాం. అక్క ఒకవైపు పట్టుకుంది, ఆయన ఇంకోవైపు. మంటకు ఎంత దూరంలో పట్టాలో ఆయన చేతులకు తెలుసు. తోలును నెమ్మదిగా తిప్పుతున్నాడు, ఒకచోట నిలవనివ్వకుండా. మధ్యమధ్యలో గోటితో అంచున తడుతున్నాడు, చెవి వంచుతున్నాడు. అక్క తట్టినట్టే. అక్కకు అది నాయనమ్మ నోటిమాటగా వచ్చింది. నాన్న చేతులకు అది తాతను చూసి అబ్బిన పని.

"ఎండను నమ్ముకుంటే ఎట్టా అమ్మాయ్," అన్నాడు, అక్కను చూడకుండానే. "మా అయ్య ముసుర్లో గూడా పలికించేవాడు. చెమ్మ ఆరబెడతన్నానని నువ్వు చెప్తావుంటే ఇన్నాళ్ళూ ఊరుకున్నా."

అక్క ఏడ్చింది. డ్రమ్ము రెండు చేతులతో పట్టుకుని ఉంది కనుక కళ్ళు తుడుచుకోలేకపోయింది, నేను నా పైటకొంగుతో తుడిచాను. నాన్న ఇంకొకసారి తట్టి విన్నాడు. తోలు పలికింది. స్టూడియో ఆయన చాప మీద పాకి వెతికిన పలుకు అదే, మైకు లేకుండా, ముసురులో.

నాన్న కోటు తొడుక్కోవడం మరిచిపోయాడు. మోకాళ్ళ మీద మసితోనే, డ్రమ్మును తానే ఎత్తుకుని, ముందు గుమ్మం గుండా లోపలికి నడిచాడు.